పాస్పోర్టా సెర్వో: ఎస్పెరాంటో మాట్లాడే ఇంట్లో మూడు రోజుల భోజనం

ఎస్పెరాంటో భాష వచ్చినవారికి, ఆ భాష మాట్లాడేవారి ఇళ్లలో ఉచితంగా బస దొరికేలా చేసిన ఏర్పాటు పేరు పాస్పోర్టా సెర్వో. ప్రపంచ ఎస్పెరాంటో యువజన సంస్థ తేయో దీన్ని నడుపుతోంది. 1966లో అర్జెంటీనాలో రూబెన్ ఫెల్ద్‌మాన్ గొన్సాలెస్ 'ప్రొగ్రామో పాస్పోర్తో' పేరుతో దీనికి అంకురం వేశారు. 1974లో ఫ్రాన్స్ నుంచి ఝాన్ మరీ కాష్ ఆధ్వర్యంలో 40 చిరునామాలతో ఇది ఇప్పటి పేరుతో మొదలైంది. చాలా ఏళ్లపాటు చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా వచ్చిన ఆ చిరునామాల పట్టిక ఇప్పుడు వెబ్‌సైటుగా మారింది. నేనూ మా వారూ ఈ సేవ ద్వారా ఉత్తర జర్మనీలోని ఒక చిన్న పట్నంలో మూడు రాత్రులు ఉన్నాం. ఇంటివారి గోప్యత కోసం ఊరి పేరు రాయడం లేదు. ఈ సేవ గురించి రాసేవారు చాలామంది గది, పడక, స్టేషన్‌కు దూరం వంటి విషయాలే చెబుతారు. నాకు మాత్రం ఆ ఇంటి భోజనాల బల్లే ఈ సేవ అసలు విలువ అనిపించింది. అందుకే ఈ సమీక్షంతా ఆ బల్ల చుట్టూనే సాగుతుంది.

భాష గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఎస్పెరాంటో ఒక మనిషి కూర్చుని కట్టిన భాష. ఇప్పటి పోలండ్‌లో ఉన్న బియాలిస్తోక్‌లో 1859లో పుట్టిన కంటి వైద్యుడు జమెన్‌హోఫ్ దీన్ని రూపొందించి, మొదటి పుస్తకాన్ని 1887 జూలై 26న వార్సాలో వెలువరించారు. దీనికి దేశం లేదు, రాజ్యం లేదు, పుట్టిల్లు అని చెప్పుకునే ఊరూ లేదు. అయినా నూట ముప్పై ఏళ్లకు పైగా మనుషులు ఈ భాషలో ఉత్తరాలు రాసుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లలకు అన్నం తినిపించారు. మనకు ఇది మరీ దూరపు సంగతేమీ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం భాషాశాస్త్రం బోధించిన ప్రొబాల్ దాస్‌గుప్తా 2007 నుంచి 2013 వరకు విశ్వ ఎస్పెరాంటో సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు.

నేను ఈ భాషను లెర్నూ అనే ఉచిత వెబ్‌సైటులో నేర్చుకున్నాను. 2002 నుంచి నడుస్తున్న ఆ సైటులో పాఠాలూ వ్యాకరణమూ నిఘంటువూ ఒకేచోట దొరుకుతాయి. రోజుకు అరగంట చొప్పున ఏడాది చదివితే ఒక ఇంట అతిథిగా నెట్టుకురాగలిగేంత భాష వస్తుంది. మా వారు నాకంటే ఆలస్యంగా మొదలుపెట్టారు కాబట్టి ఆయనకు వినడం వచ్చినంతగా మాట్లాడడం రాలేదు. భోజనానికి సంబంధించిన మాటలు మొదటి నెలలోనే వస్తాయి, ఎందుకంటే అవన్నీ కొద్ది ధాతువుల నుంచి పుట్టినవే. తినడానికి 'మాంజి' అంటారు. ఉదయం తినేది మతెన్‌మాంజో, పగలు తినేది తాగ్‌మాంజో, సాయంత్రం తినేది వెస్పెర్‌మాంజో. తినే చోటు మంజేయో, తినడానికి వాడే పరికరం మంజీలో, అలాంటి పరికరాల మొత్తం మంజిలారో. తినగలిగేది మంజేబ్లా, తినదగ్గది మంజీందా. ధాతువు ఒకటి తెలిస్తే మిగతావన్నీ ప్రత్యయాల పని. సంధులూ సమాసాలూ చదువుకున్న తెలుగువారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఆ తిండి మాటల్లో నన్ను ఆగి ఆలోచించేలా చేసిన మాట ఒకటుంది. ఎస్పెరాంటోలో ఆకలి గొన్నవాణ్ణి చెప్పడానికి విడిగా ధాతువు లేదు. కడుపు నిండినవాడు 'సాతా'. దానికి వ్యతిరేకార్థాన్నిచ్చే 'మల్' అనే ఉపసర్గ చేర్చి ఆకలితో ఉన్నవాణ్ణి 'మల్‌సాతా' అంటారు. అంటే ఆ భాషలో కడుపు నిండి ఉండడమే సహజస్థితి, ఆకలి దానికి తిరగబడిన స్థితి. మన భాషలో ఆకలికి ఆకలి అనే సొంత మాట ఉంది, నిండడమే కడుపు అనే మాటను తోడు తెచ్చుకుంటుంది. కరువులు చూసిన నేల మీద పుట్టిన భాషకూ, గదిలో కూర్చుని ధాతువుల సంఖ్య తగ్గించాలని చూసిన మనిషి కట్టిన భాషకూ మధ్య తేడా ఈ ఒక్క మాటలో నాకు కనబడింది. దాహానికి మాత్రం ఆయన 'సోయిఫో' అని వేరే ధాతువు ఇచ్చారు. ఎడమ చేతిని కూడా ఆ భాష 'మల్‌దెక్‌స్త్రా' అనే అంటుంది, అంటే కుడికి వ్యతిరేకమైనది. ఎడమ చేత్తో వడ్డించకూడదని చిన్నప్పటి నుంచీ విన్న నాకు ఆ మాట వెంటనే పట్టుబడింది.

ఈ సేవను వాడుకోవాలంటే ముందుగా సైటులో సభ్యులు కావాలి. ఆ తర్వాత ఊరిని వెతికి, ఆతిథేయి పెట్టిన షరతులు చదివి, ఎస్పెరాంటోలోనే ఉత్తరం రాయాలి. ఎంతమంది రావచ్చో, ఎన్ని రాత్రులు ఉండవచ్చో, ఎంత ముందు తెలపాలో ఇంటివారే నిర్ణయిస్తారు. బస ఉచితం. భోజనం పెట్టి తీరాలన్న నియమం మాత్రం లేదు, అది ఇంటివారి ఇష్టం. కాబట్టి తిండి సంగతిని మొదటి ఉత్తరంలోనే మొహమాటం లేకుండా తేల్చుకోవడం మంచిది. మేము గుడ్డు కూడా తినం. 'వెగెతరానో' అని రాసి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే ఐరోపాలో ఆ మాటకు గుడ్డు తినేవారు కూడా వస్తారు. మాంసం, చేప, గుడ్డు మూడింటినీ పేరుపేరునా చెప్పి తినమని రాశాను. శాకాహారం మాట ఎత్తడానికి సంకోచించనక్కర్లేదు. ఎస్పెరాంటో మాట్లాడేవారిలో శాకాహారుల సంఘం 1908లోనే ఏర్పడింది, ఆ భాషలో ఇది పాత చర్చే.

ఆ ఉత్తరంలోనే నా చేత ఒక పొరపాటు జరిగింది. ఎస్పెరాంటో లిపిలో ఆరు అక్షరాలకు నెత్తిన గుర్తులుంటాయి. భోజనమనే మాంజోలోని 'జ' పలికే అక్షరం అలాంటిదే. అది 'గ' పలికే అక్షరానికి నెత్తిన చిన్న టోపీలాంటి గుర్తు పెడితే వస్తుంది. నా కంప్యూటరులో ఆ గుర్తు పెట్టే వీలు లేక ఉత్తరమంతా గుర్తులు లేకుండానే రాశాను. దాంతో నేను అడిగిన ఉదయపు భోజనం, మతెన్‌మాంజో, కాగితం మీద 'మతెన్‌మాంగో' అయింది. మాంగో అంటే ఆ భాషలో కూడా మామిడి పండే. మలయాళ, తమిళ తీరాల నుంచి పోర్చుగీసువారి వెంట ఐరోపాకు వెళ్లిన మాట అది. మేము వెళ్లేసరికి బల్ల మీద రెండు మామిడి పండ్లు పెట్టి ఉన్నాయి. భారతదేశం నుంచి వచ్చేవారు పొద్దున్నే మామిడి పండు తింటారేమోననుకుని ఇంటావిడ బజారంతా తిరిగి కొనుక్కొచ్చారట. గుర్తులు పెట్టలేనప్పుడు ఆ అక్షరం పక్కన హెచ్ చేర్చి రాయమని జమెన్‌హోఫే సూచించారు. ఇప్పుడు కొందరు ఎక్స్ చేరుస్తారు. ఈ సేవకు ఉత్తరం రాసేవారు రెండింటిలో ఏదో ఒకటి తప్పక పాటించాలని నా అనుభవంతో చెబుతున్నాను.

ఆతిథ్యమిచ్చిన దంపతులు పదవీ విరమణ చేసిన బడి ఉపాధ్యాయులు. ఆవిడకు డెబ్బై దాటాయి. ఏమని పిలవాలన్నది నాకు వచ్చిన మొదటి చిక్కు. ఎస్పెరాంటోలో ఎదుటివారెవరైనా 'వీ' ఒక్కటే. నువ్వు, మీరు అన్న తేడా వాడుకలో లేదు. ఆ భాషవారు కలుసుకోగానే పేర్లతోనే పిలుచుకుంటారు. నా కంటే ఇరవై ఏళ్లు పెద్దావిడను గారు చేర్చకుండా పేరు పెట్టి పిలవడానికి నాకు రెండో రోజు మధ్యాహ్నం దాకా నోరు రాలేదు. అంతవరకు ఆవిడ కళ్లలోకి చూస్తూ వాక్యం మొదలుపెట్టి సరిపెట్టుకున్నాను. మన బంతిలో పెద్దవారితో 'భోంచేయండి' అంటాం, పిల్లలతో 'తిను' అంటాం, దేవుడి ముందు 'ఆరగించు స్వామీ' అంటాం. ఎస్పెరాంటోలో ఈ మూడింటికీ ఒకటే 'మాంజూ'. ఆ భాషలో నాకు లోటుగా తోచింది ఇదొక్కటే. ఇది అందరినీ సమానంగా చూసే పద్ధతేనని తెలిసినా ఆ లోటు లోటుగానే మిగిలింది.

మొదటి రాత్రి వెస్పెర్‌మాంజో. ఆ మాటకు నిఘంటువులో అర్థం రాత్రి భోజనమని ఉంటుంది కాబట్టి నేను వేడివేడిగా ఏదో ఊహించుకున్నాను. ఉత్తర జర్మనీలో చాలా ఇళ్లలో రాత్రి పొయ్యి వెలిగించరు. పళ్లేలకు బదులు చిన్న చెక్క పలకలు, నల్లటి గట్టి రొట్టె, వెన్న, మూడు రకాల జున్ను, ఊరబెట్టిన దోసకాయలు, కోసిన ముల్లంగి వచ్చాయి. భాష ఒకటే అయినా ఆ మాట వెనకున్న భోజనం ఏ ఇంటిది ఆ ఇంటిదేనని అప్పుడు స్పష్టమైంది. ఎస్పెరాంటో వంట అని ఒకటి ఉంటుందనుకుని వెళ్లేవారు నిరాశపడతారు. అలాంటిదేదీ లేదు. టోక్యోలో వెస్పెర్‌మాంజో వేరు, టులూజ్‌లో వేరు, మా హైదరాబాదులో వేరు. కాబట్టి ఆ మాట ఆ ఇంట్లో దేనికి పేరో ముందే అడిగి తెలుసుకోవాలి.

అయితే బల్ల దగ్గర పాటించే మర్యాదలు మాత్రం ఆ భాషవారందరికీ చాలావరకు ఉమ్మడివి. అందరికీ వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. ఆ తర్వాత ఒకరు 'బోనన్ అపెతీతోన్' అంటారు, అందరూ తిరిగి అదే అంటారు. బాగా ఆకలి వేయుగాక అన్న ఆ మాటకు మనలో సరిసమానమైనది లేదు. మన పాత బంతుల్లో గోవింద నామంతో విస్తరి ముట్టేవారు, లేచేటప్పుడు అన్నదాతా సుఖీభవ అనేవారు. వాళ్ల మాట తినబోయేవారి ఆకలిని దీవిస్తే మన మాట పెట్టినవారిని దీవిస్తుంది. ఇది వాళ్లకు చెప్పాలనిపించి, అన్నం పెట్టినవారు సుఖంగా ఉండాలి అన్న అర్థం వచ్చేలా అనువదించి చెప్పాను. మిగిలిన రెండు రోజులూ ఆ ఇంటాయన భోజనం అవగానే భార్య వైపు తిరిగి నేను చెప్పిన వాక్యాన్ని పొల్లు పోకుండా అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో తనకు ఆ మాట ఎవరూ చెప్పలేదని ఆవిడ అన్నప్పుడు నాకు ఏం మాట్లాడాలో తోచలేదు.

రెండో మర్యాద మరింత కఠినమైనది. ఎస్పెరాంటో బల్ల దగ్గర సొంత భాష మాట్లాడకూడదు. అలా మాట్లాడడానికి వాళ్లు పెట్టుకున్న క్రియ 'క్రొకొదీలి', అంటే మొసలిలా ప్రవర్తించడం. మా వారు అలవాటు కొద్దీ నా వైపు తిరిగి "ఆ ఉప్పు ఇలా అందుకో" అన్నారు. ఇంటావిడ కోప్పడలేదు గానీ చేతులు రెండూ మొసలి నోరులా తెరిచి మూసి చూపించారు. మా వారు ఆలోచించుకుని, ఉప్పు 'సాలో', అది ఉండే పాత్ర 'సలూయో', కర్మకారకంలో చివర 'న్' చేరాలి కదా అని లెక్కకట్టి, 'బొన్వోలు దోని లా సలూయోన్' అని మెల్లగా అన్నారు. ఆయన ఆ భాషలో తప్పు లేకుండా పలికిన మొదటి పూర్తి వాక్యం అదే. ఏడాదిలో పాఠాలు చేయలేనిది ఒక ఉప్పు డబ్బా చేసింది. ఈ నియమం మొదట ఇబ్బందిగా అనిపించవచ్చు. కానీ బల్ల చుట్టూ కూర్చున్న నలుగురిలో ఏ ఒక్కరినీ బయటివారిగా చేయకూడదన్నదే దీని ఉద్దేశం. కొత్త కోడలి ముందు ఆమెకు రాని భాషలో మాట్లాడుకునే ఇళ్లు చూసినవారికి ఈ మర్యాద విలువ వెంటనే అర్థమవుతుంది.

వాళ్ల వడ్డనకూ మన వడ్డనకూ పెద్ద తేడా ఉంది. 'అన్కోరావ్ ఈయోమ్', అంటే ఇంకొంచెం కావాలా అని ఒక్కసారే అడుగుతారు. 'సుఫీచాస్', చాలు అన్నామంటే ఇక అడగరు. మన ఇళ్లలో మొదటి 'చాలు'కు విలువ లేదు. మూడో 'చాలు'కు గరిటె వెనక్కి వెళుతుంది, అదీ ఒక ముద్ద పడ్డాకే. మొదటి రాత్రి నేను మర్యాదకు ఒకసారి చాలు అన్నాను, వాళ్లు నిజంగానే ఆపేశారు, సగం ఆకలితో పడుకున్నాను. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. నా మాటను వాళ్లు మాటగా తీసుకున్నారు. కొసరి కొసరి వడ్డించడాన్ని ఆ భాషలో ఏమంటారని మర్నాడు అడిగితే, వడ్డించడానికి 'సుర్‌తబ్లీగి' ఉంది గానీ, అంటే బల్ల మీదికి చేర్చడం, కొసరడానికి ప్రత్యేకంగా మాట లేదని తేలింది. తెలుగువారు ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆకలి ఉంటే ఉందని చెప్పాలి.

ఈ మూడు రోజుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా మిగిలింది ఒక గ్లాసు నీళ్ల సంగతి. రెండో రోజు ఉదయం మంచినీళ్లు కావాలని 'గ్లాసో దె ఆక్వో' అడిగాను. ఆవిడ ఖాళీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, వేలితో కూజా చూపించి ఆగారు. బడిపంతులమ్మ కదా, అది పాఠమని నాకు అర్థమైంది. ఎస్పెరాంటోలో 'దె' వేరు, 'దా' వేరు. 1905లో వెలువడిన ఫుందమెంతో అనే మూలగ్రంథంలోని అభ్యాసాల్లోనే జమెన్‌హోఫ్ ఈ తేడాను ద్రాక్షసారా గ్లాసు ఉదాహరణతో విడమరిచారు. 'దె' అంటే ఆ పానీయం కోసం వాడే గ్లాసు, లేదా అది పోసి ఉండిన గ్లాసు. 'దా' అంటే ఆ పానీయంతో నిండిన గ్లాసు. నేను అడిగింది నీళ్ల గ్లాసు. నాకు కావలసింది గ్లాసెడు నీళ్లు.

లెర్నూలో ఆ నియమాన్ని చదివాను, అభ్యాసాలు చేశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ ఆ ఖాళీ గ్లాసు ముందు కూర్చున్నప్పుడే అది నా భాషలో ఎప్పటి నుంచో ఉన్నదని తట్టింది. తెలుగులో మనం ఈ తేడాను ప్రత్యయంతో చూపిస్తాం. చెంబెడు నీళ్లు, గుప్పెడు బియ్యం, దోసెడు మల్లెలు, గంపెడు ఆశ, కడివెడు పాలు. 'ఎడు' చేరిందంటే పాత్ర కొలత అయిపోతుంది, లోపలున్నదే వస్తువు అవుతుంది. నేను ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగు లిపిలో రాసి, కింద ఎస్పెరాంటో రాసి ఆవిడకు ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, తమకూ అలాంటిది ఇంకొకటి ఉందంటూ 'మన్‌ప్లేనో' అని రాశారు. చేయి నిండా అన్న అర్థంలో, 'మన్‌ప్లేనో దా రీజో' అంటే అచ్చంగా మన గుప్పెడు బియ్యమే. గ్లాసు నిండా అయితే 'గ్లస్‌ప్లేనో'. ఇంగ్లీషు ద్వారా ఈ 'దె, దా' తేడా నేర్చుకునేవారు చాలా అవస్థ పడతారు. తెలుగువారు 'ఎడు' గుర్తుపెట్టుకుంటే ఒక్క రోజులో వచ్చేస్తుంది. ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పని ఈ కిటుకును ఈ సమీక్ష చదివి ఎస్పెరాంటో మొదలుపెట్టేవారి కోసం ఇక్కడ పెడుతున్నాను.

బియ్యం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. పొలంలోని వరీ, గాదెలోని వడ్లూ, డబ్బాలోని బియ్యమూ, కంచంలోని అన్నమూ అన్నీ ఆ భాషలో 'రీజో'యే. కావాలంటే వండిన రీజో అని విశేషణం చేరుస్తారు. ఈ భాష కట్టిన మనిషి ఇంట్లో బియ్యం రోజువారీ తిండి కాదని ఆ ఒక్క మాట చెప్పేస్తుంది.

ఆ మధ్యాహ్నం వంట నేను చేశాను. అతిథి ఒక పూట తన ఇంటి వంట చేసిపెట్టడం నియమమేమీ కాదు గానీ, అడిగితే ఇంటివారు సంతోషంగా వంటిల్లు అప్పగించారు. అక్కడి దుకాణంలో కందిపప్పు దొరకలేదు, ఎర్రటి మైసూరు పప్పు దొరికింది. పప్పు, టమాటా చారు, అన్నం, మా ఇంటి నుంచి తీసుకెళ్లిన ఆవకాయ పెట్టాను. ఆవకాయకు వాళ్ల ధాతువులతోనే 'మాంగో పెక్లాజో' అని పేరు కట్టాం. ఉప్పువేసి ఊరబెట్టినది పెక్లాజో. పోపు దగ్గర మాత్రం కాసేపు ఆగాల్సి వచ్చింది. పోపునే 'ఓ'కారాంతం చేసి 'పోపో' అనేద్దామంటే, ఆ మాటకు ఎస్పెరాంటోలో తూర్పు క్రైస్తవ సంప్రదాయానికి చెందిన పురోహితుడని ముందే అర్థం ఉందని ఇంటాయన చెప్పారు. నూనెలో ఆవాలు చిటపటలాడుతుండగా నలుగురమూ పొయ్యి చుట్టూ నిలబడి, దినుసుకు 'స్పీత్సో', వేయించడానికి 'ఫ్రీతి' కలిపి 'స్పిత్స్‌ఫ్రితాజో' అని తేల్చాం. పోపు పప్పులో పడేలోగా దానికి పేరు పుట్టింది. కట్టుడు భాష అంటే ప్రాణం లేనిదని అనుకునేవారు ఆ క్షణంలో ఆ వంటింట్లో ఉండవలసింది.

చేత్తో తినడానికి ఆ భాషలో 'పెర్మానే' అని క్రియావిశేషణం ఉంది. వాళ్లిద్దరూ పెర్మానే తింటామన్నారు. ముద్ద ఎలా కలపాలో, బొటనవేలితో ఎలా లోపలికి నెట్టాలో మా వారు చూపించారు. అప్పుడు ఆయనకు మాటలతో పనిలేకపోయింది. ఆవకాయ తిన్న ఆవిడ కారాన్ని 'పీకా' అన్నారు. ఆ మాటతో రుచుల మీదికి వెళ్లి, ఉగాది పచ్చడి గురించి చెప్పవలసి వచ్చింది. తీపి దోల్చా, పులుపు అత్సీదా, ఉప్పు సాలా, కారం పీకా, చేదు అమారా అని అయిదూ చకచకా వచ్చాయి. వగరు దగ్గర నేను ఆగిపోయాను. మామిడి పిందె కొరికితే నాలుక పట్టేసినట్టు ఉంటుందని వర్ణిస్తే ఇంటాయన లేచి వెళ్లి లావుపాటి నిఘంటువు తెచ్చి 'అద్‌స్త్రింగా' అన్న మాట చూపించారు. ఆరు రుచులకూ ఆరు మాటలు దొరికాయి.

తాగడం గురించి ఒక హెచ్చరిక. నీళ్లు, పాలు, కాఫీ తాగడం 'త్రింకి'. మత్తు కోసం తాగడం 'ద్రింకి'. ఒక్క అక్షరమే తేడా. తెలుగులో 'ఆయన తాగుతాడు' అని కర్మ లేకుండా అంటే ఏ అర్థం వస్తుందో అందరికీ తెలుసు, వాళ్లు దానికి క్రియనే వేరు చేసుకున్నారు. యువతీయువకులు ఈ భాష కోసం పెద్ద సమావేశాలకు వెళితే అక్కడ 'గుఫూయో' ఎక్కడుందో అడగమని చెబుతాను. గుడ్లగూబ 'గూఫో' పేరు మీద ఏర్పడిన ఆ మాట, మద్యం లేకుండా మసక వెలుతురులో రాత్రి పొద్దుపోయేదాకా టీ తాగుతూ నెమ్మదిగా మాట్లాడుకునే గదికి పేరు. ఇది ఎస్పెరాంటో మాట్లాడేవారు తమకు తామే పుట్టించుకున్న అలవాటు, ఏ జాతి నుంచీ అరువు తెచ్చుకున్నది కాదు.

ఇక సేవ విషయంలో నా తీర్పు. డబ్బు మిగుల్చుకోవడమొక్కటే లక్ష్యమైతే దీనికోసం ఒక భాష నేర్చుకోవడం దండగ, హాస్టళ్లు చాలా ఉన్నాయి. చిరునామాలు ఐరోపాలో దట్టంగా ఉంటాయి, మన దేశంలో పలుచన. ఊరు ముందు నిర్ణయించుకుని ఇల్లు వెతకడం కంటే ఇల్లు దొరికిన ఊరికి ప్రయాణం మార్చుకోగలిగినవారికే ఇది బాగా పనికొస్తుంది. ఒక ఇంట్లో మూడు రాత్రులకు తక్కువ ఉండవద్దు. మొదటి భోజనం బిడియంతోనే పోతుంది, రెండో రోజుకు గానీ నోరు పెగలదు. భాష మరీ తక్కువగా వస్తే వెళ్లకండి, ఎందుకంటే భోజనం పెట్టినవారితో మాట్లాడలేకపోతే ఆ ఇంటి శ్రమకు న్యాయం జరగదు. ఏడాది చదివి, బల్ల దగ్గరి మాటలు నోటికి వచ్చి, తమ ఇంటి వంట ఒక పూట చేసిపెట్టగల ఓపిక ఉన్నవారు మాత్రం నిస్సందేహంగా వెళ్లవచ్చు. అయిదింటికి నేను నాలుగున్నర ఇస్తాను. ఆ తగ్గించిన అర, మన ప్రాంతంలో మరికొన్ని తలుపులు తెరుచుకునేదాకా. ఆ తలుపుల్లో ఒకటి మాది కావాలని తిరిగి వచ్చిన వారంలోనే మా ఇంటి వివరాలు సైటులో చేర్చాం. 'ఇద్దరికి చోటుంది, శాకాహారం, మూడుసార్లు చాలు అనాలి' అని షరతుల దగ్గర ఎస్పెరాంటోలో రాశాను.

వాళ్ల భాషలో ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నవారిని 'సమ్‌తబ్లానో' అంటారు. మన సహపంక్తికి అంత దగ్గరగా వచ్చిన మాట నేను మరో భాషలో వినలేదు. నాలుగో రోజు ఉదయం స్టేషనుకు బయలుదేరుతుండగా ఆవిడ ఒక పొట్లం నా చేతిలో పెట్టి 'ప్రొవియాంతో' అన్నారు. ఆ మాట నాకు రాదు. రైలెక్కి విప్పి చూస్తే, వెన్న రాసి జున్ను పెట్టిన నాలుగు రొట్టె ముక్కలు, వాటి పక్కన విడిగా చిన్న కాగితంలో నేను ఇచ్చివచ్చిన ఆవకాయలోంచి రెండు బద్దలు ఉన్నాయి. నిఘంటువు తీయకుండానే అది దారిబత్తెమని తెలిసింది.